కొలంబో కప్పులో మనవాళ్ళు

1952 మార్చిలో కొలంబోలో నాలుగు జట్లు ఒక ఫుట్‌బాల్ కప్పు కోసం దిగాయి. ఇండియా, పాకిస్తాన్, బర్మా, సిలోన్. అయిదేళ్ళ కిందటి దాకా ఈ నాలుగింటినీ ఏలింది ఒకే దొర. 1947 ఆగస్టుకీ 1948 ఫిబ్రవరికీ మధ్య, ఆరు నెలల్లో నాలుగూ విడివిడి దేశాలయ్యాయి. జెండాలు కొత్తవి, సరిహద్దులు ఇంకా పచ్చిపుండ్లు. అలాంటి రోజుల్లో ఇరుగుపొరుగులు బంతాట ఆడుకుందామని కూడబలుక్కోవడమే పెద్ద సంగతి. ఆ తొలి కప్పును ఇండియా, పాకిస్తాన్ చెరిసగం పంచుకున్నాయి. విభజన జరిగి అయిదేళ్ళు నిండకముందే రెండు దేశాలూ కలిసి ఒక కప్పు గెలిచాయన్నది ఇవాళ ఎవరికైనా చెబితే ఓ పట్టాన నమ్మరు.

కొలంబో కప్పు అనీ, నాలుగు దేశాల టోర్నీ అనీ పిలిచిన ఈ పోటీ నాలుగేళ్ళే సాగింది. 1953లో రంగూన్, 1954లో కలకత్తా, 1955లో ఢాకా. ఈ మూడుసార్లూ ఇండియాదే గెలుపు. ఢాకా అప్పటికి తూర్పు పాకిస్తాన్‌లో ఉండేది. పాకిస్తాన్‌ను పాకిస్తాన్ గడ్డ మీదే ఓడించి మనవాళ్ళు కప్పు పట్టుకొచ్చారు.

మన ఒంగోలు వాళ్ళకి ఈ ఊళ్ళ పేర్లేమీ కొత్తవి కావు. మన గుంటూరు, ప్రకాశం మిర్చి ఇప్పటికీ కొలంబోకి, ఢాకాకి ఎగుమతవుతోంది. రంగూన్ సంగతి సరేసరి. రంగం (రంగూన్) పోయి నాలుగు రాళ్ళు వెనకేసుకోవాలని ఓడ ఎక్కిన కోస్తా కుటుంబాలు వేలకు వేలు. 1941 డిసెంబర్‌లో జపాన్ బాంబులు పడ్డాక అడవుల వెంట, కొండల వెంట నడిచి తిరిగొచ్చినవాళ్ళు ఎందరో, దారిలోనే రాలిపోయినవాళ్ళు ఎందరో. అయినా 1953 నాటికి రంగూన్‌లో తెలుగు మాట ఆగిపోలేదు. ఓడరేవులో, బియ్యం మిల్లుల్లో తెలుగువాళ్ళు ఉన్నారు. ఇండియా కప్పు గెలిచింది ఆ ఊళ్ళో.

ఆ ఏడాది ఒంగోలుకి ఫుట్‌బాల్ పట్టలేదంటే తప్పు పట్టడానికి లేదు. ఒంగోలు అప్పటికి గుంటూరు జిల్లాలో ఉండేది, గుంటూరేమో మద్రాసు రాష్ట్రంలో. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మన వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఊరంతా ఆ సంబరంలో ఉంటే రంగూన్ మైదానం వైపు ఎవరు చూస్తారు?

కానీ హైదరాబాద్ చూసింది. అప్పట్లో భారత జట్టును ఎంచేవాళ్ళు ముందు కలకత్తా వైపు, ఆ వెంటనే హైదరాబాద్ వైపు తిరిగేవారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. డ్యూరాండ్ కప్పులో కలకత్తా జట్టు మోహన్ బగాన్‌నే ఓడించింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ ఆ జట్టువాళ్ళే. ముగ్గురూ 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌కి వెళ్ళారు. అక్కడ యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తుగా ఓడిపోయాం. మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతోనే ఆడారు. బూట్లు తప్పనిసరి అయింది ఆ దెబ్బ తర్వాతే.

హైదరాబాద్ పోలీస్ జట్టు వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. వృత్తి బడిపంతులు, కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పాఠాలు చెప్పారు. ఆట నేర్పడంలోనూ ఆయనది పంతులు పద్ధతే. బంతిని కాళ్ళ దగ్గరే తిప్పుకుంటూ కూర్చోకూడదని నియమం పెట్టి పోటీలు నడిపేవారు. ఒక్క తాపు, బంతి అవతలివాడికి చేరాలి. కుడికాలి వాటం ఉన్నవాళ్ళ చేత ఎడమకాలితోనే ఆడించేవారు. ఇప్పుడు పెద్ద అకాడమీల్లో లక్షలు కట్టించుకుని నేర్పుతున్న విద్య అది.

సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంని పట్టుకొచ్చిందీ ఆయనే. రోజూ అంత దూరం నుంచి ఆటకి రావడానికి డబ్బుల్లేవంటే సైకిలు అద్దెకని రహీం సాబ్ తన జేబులోంచి రోజుకో రూపాయి ఇచ్చేవారని బలరాం తర్వాత తర్వాత చెప్పుకునేవారు. ఆ కుర్రాడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు. నూర్, అజీజ్, జుల్ఫికరుద్దీన్ కూడా అదే జట్టులో ఉన్నారు. హైదరాబాద్‌నీ ఆంధ్రనీ కలిపి ఆ ఏడాదే నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెలకి, డిసెంబర్ 1న, ఆస్ట్రేలియాని 4–2తో ఓడించి ఇండియా సెమీఫైనల్స్‌కి చేరింది. చివరికి నాలుగో స్థానం. అంతకంటే పైకి మన ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో మళ్ళీ ఎక్కలేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో రహీం చేతుల మీదుగా స్వర్ణం వచ్చింది. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు.

నాలుగు దేశాల కప్పు 1955తోనే ఆగింది. యుద్ధాలొచ్చాయి, ఢాకా బంగ్లాదేశ్ రాజధాని అయింది. పొరుగు జట్లు మళ్ళీ తమకంటూ ఒక కప్పు పెట్టుకోవడానికి 1993 దాకా పట్టింది. లాహోర్‌లో సార్క్ గోల్డ్ కప్పుగా మొదలై శాఫ్ ఛాంపియన్‌షిప్‌గా నిలబడిన పోటీ అది. ఇండియా దాన్ని తొమ్మిదిసార్లు గెలిచింది. 1997 ఖాట్మండులో గెలిచిన జట్టు కోచ్ సయ్యద్ నయీముద్దీన్ మన హైదరాబాదీయే. 2023లో బెంగళూరు కంఠీరవ స్టేడియంలో తొలి ఆటలో పాకిస్తాన్‌ను 4–0తో ఓడించాం. ఫైనల్లో కువైట్‌ను పెనాల్టీల్లో దాటాం. ఆ జట్టులో తెలుగువాడు ఒక్కడూ లేడు. ఆ ఏడాదే ఫిబ్రవరిలో బలరాం కన్నుమూశారు.

ఎందుకిలా అయింది? నా మటుకు నాకు కారణం ప్రతిభలో కనబడదు. హైదరాబాద్‌లో ఆనాడు కుర్రాడికి ఆడుకోను మైదానం, నేర్పను పంతులు, ఆడితే పోలీసు ఉద్యోగం ఉండేవి. ఈ మూడూ ఒక్కచోట దొరికాయి కాబట్టే 1961లో ఆంధ్ర పోలీస్ జట్టు డ్యూరాండ్ గెలిచింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ తెచ్చింది. ఉద్యోగం మాట పోయాక పేదింటి తండ్రి కొడుకుని బంతి వెంట ఎందుకు పంపుతాడు? మన కోస్తా ఊళ్ళకైతే ఆ మూడూ ఒక్కచోట ఎప్పుడూ అమరలేదు. ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో కబడ్డీ, వాలీబాల్ ఆడే పిల్లల కాళ్ళ బలం చూస్తే ఫుట్‌బాల్ వీళ్ళకి అందనిదేమీ కాదనిపిస్తుంది. కావలసింది రహీం లాంటి ఒక డ్రిల్లు మాస్టారు, ఆయన్ని పనిచేసుకోనిచ్చే ఒక బడి.

ఈలోగా దారి ఆడపిల్లల వైపు నుంచి తెరుచుకుంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడుతోంది. క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకీ ఆడి వచ్చింది. మహిళలకూ ఇప్పుడు శాఫ్ పోటీలు విడిగా జరుగుతున్నాయి. 2022లో ఖాట్మండులో ఆ కప్పును బంగ్లాదేశ్ అమ్మాయిలు గెలిచారు. మనవాళ్ళు సెమీఫైనల్లో నేపాల్ చేతిలో ఆగిపోయారు.