చుక్కల నుంచి తెరల దాకా

సంక్రాంతికి తెలంగాణలోని అచ్చంపేట వాకిళ్ళలో ముందు లెక్క, తర్వాతే ముగ్గు. "పదిహేను చుక్కలు, ఎనిమిది దాకా, సందు చుక్క" అంటే చాలు, పక్కింటి అమ్మాయి కూడా తప్పు లేకుండా చుక్కలు పెట్టేస్తుంది. నడిమి వరుసలో 15, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గుతూ 8, మొత్తం 169. అంకెలు చెబితే బొమ్మ పుట్టే ఈ విద్యను పక్కనబెట్టి, కంప్యూటర్ కళ చరిత్రను నేరుగా ఐరోపా, అమెరికాల నుంచి మొదలుపెట్టడం నాకు మింగుడుపడదు.

అక్కడ జరిగిందీ తక్కువది కాదు. 1963లో జర్మనీలోని వుప్పర్టాల్‌లో నామ్ జూన్ పైక్ టీవీ పెట్టెలనే కళాఖండాలుగా ప్రదర్శనకు పెట్టాడు. 1965లో స్టుట్‌గార్ట్‌లో గియోర్గ్ నీస్, న్యూయార్క్‌లో మైకేల్ నోల్ కంప్యూటర్ బొమ్మలను గోడకెక్కించారు. 1968లో లండన్‌లో 'సైబర్నెటిక్ సెరెండిపిటీ' ప్రదర్శన జరిగింది. ఆ తర్వాత ఆరేళ్ళకే, 1974లో, గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ, కమలా కృతివాసన్ మద్రాసు కోలం ముగ్గులను కంప్యూటర్‌కు అర్థమయ్యే వ్యాకరణంగా రాసి చూపారు. ఆ పరిశోధనా పత్రానికి కళాచరిత్రలోనూ చోటు దక్కాలి.

అంకెను వీళ్ళందరికంటే లోతుగా పట్టుకున్నవాడు జపాన్ కళాకారుడు తత్సువో మియాజిమా. అతని ఎల్‌ఈడీ దీపాలు ఒకటి నుంచి తొమ్మిది దాకా లెక్కపెడతాయి. సున్నా రాదు, ఆ చోట చీకటి. 1999లో వెనిస్ బియెన్నాలేలో పెట్టిన 'మెగా డెత్'లో గోడల నిండా మెరిసే నీలి అంకెలన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. ఇరవయ్యో శతాబ్దంలో మనుషులు మూకుమ్మడిగా చంపబడ్డ సంగతి ఏ ఉపన్యాసమూ లేకుండా ఒంటికి తగులుతుంది. 2007లో మొదలైన ర్యోజి ఇకెడా 'డేటా.ట్రాన్' గోడంత తెర మీద అంకెల ప్రవాహం పారిస్తుంది. అందులో గణితముంది, మనిషి ఊపిరి నాకు తక్కువే వినిపిస్తుంది.

మన దేశంలో నళినీ మలానీ 1998లో 'రిమెంబరింగ్ టోబా టేక్ సింగ్' వీడియో ఇన్‌స్టలేషన్‌తో దేశవిభజన గాయాన్నీ అణుపరీక్షలనూ ఒకే గదిలోకి తెచ్చారు. తెలుగువాళ్ళ దగ్గర కంప్యూటర్ బొమ్మ గ్యాలరీకి కాక సినిమా హాలుకు వెళ్ళింది: 1995లో 'అమ్మోరు', 2012లో 'ఈగ'.

గ్యాలరీకి కావలసిన సరుకు మాత్రం అచ్చంపేట పక్కనే, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉంది. 2018 దేశవ్యాప్త పులుల లెక్కకు ఇలాంటి అడవుల్లో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. 3,48,58,623 ఫొటోలు పడ్డాయి, పులివి 76,651. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఫొటోలోని పులి ఒంటికి కంప్యూటర్ త్రీడీ రూపం తొడిగి, చారలను విప్పి పోల్చి, ఇది ఫలానా పులి అని తేలుస్తుంది. అంకె, చార, అడవి ఒకేచోట కలిసిన ఇంతటి బొమ్మల రాశి లెక్కల నివేదికల్లోనే ఆగిపోకూడదు. దాన్ని అచ్చంపేటలోనే తెరకెక్కించాలి. ఏ జంతువు ఏ బాటన నీళ్ళకు దిగుతుందో ఎరిగిన చెంచు గిరిజన అటవీ వాచర్లు ఆ పనిలో మొదటి రోజు నుంచీ ఉండాలి.