చెన్నపట్టణపు సిపాయి ప్రమాణము

1748లో ఆంగ్ల సేనాని స్ట్రింగరు లారెన్సు కడలూరు చెంతనున్న సెయింటు డేవిడు కోటకు వచ్చునప్పటికి, కుంపిణీ కొలువులోని దేశీయ బంట్లు తమతమ నాయకుల వెంట వచ్చి, జీతము ముట్టినన్నాళ్లు నిలిచి, ముట్టనినాడు వెడలిపోవువారే గాని సేన యనదగినవారు కారు. 1758లో ఫ్రెంచివారి ముట్టడి సమీపించినప్పుడు వారిని పటాలములుగా కూర్చిరి. కవాతు కొన్ని మాసములలో అలవడును. ప్రక్కవాడు కూలినను వరుస విడువని మనస్సు అంత సులభముగా అలవడదు. అందులకు దొరలు నూతన శాస్త్రమేదియు కల్పింపక, ఈ దేశపు బంటు తరతరములుగా ఎరిగిన ఉప్పు ఋణమునే ఆశ్రయించి, దానికి పటాలపు జెండాను జోడించిరి. నామ్, నమక్, నిశాన్ (పేరు, ఉప్పు, జెండా) అని మన సైనికులు నేటికిని చెప్పుకొనునది ఆ సంప్రదాయమే. చెన్నపట్టణపు సేనలో ఆలుబిడ్డలు సైతము పటాలము వెంట నడచుచుండిరి. సిపాయిల కొడుకులను రిక్రూటు బాయిలుగా పట్టికలకెక్కించి, కొలది జీతమిచ్చి పెంచుచుండిరి. అట్టి బాలుడు విధేయతను తండ్రి నడవడినుండియే గ్రహించుచుండెను.

ఈ విశ్వాసము ఎంత సుకుమారమైనదో వేలూరు చాటినది. నుదుటి బొట్లు, చెవిపోగులు కూడదనియు, గడ్డములు గొరిగించుకొనవలెననియు, తోలు తురాయి గల క్రొత్త తలపాగా ధరింపవలెననియు అధికారులు శాసింపగా, 1806 జూలై 10వ తేదీ వేకువకు ముందు కోటలోని సిపాయిలు తిరుగబడిరి. ఆంగ్ల సేనాని గిలెస్పీ ఆర్కాటునుండి గుఱ్ఱపుదళముతో వచ్చి, ఆనాడే కోటను మరల పట్టెను; ఇరుపక్షములు కలిపి వందలమంది హతులైరి. కోటలో నిర్బంధితులైయున్న టిప్పు కుమారుల ప్రోద్బలమును కొందరు చెప్పుదురు. అది కొంత నిజమే కావచ్చును. కాని తన దైవమును అవమానించినవానికై ప్రాణమొడ్డుమని ఎవరిని అడుగగలము? శాసనమును రద్దుచేసిరి, గవర్నరు బెంటింకును, సేనాధిపతి క్రాడకును స్వదేశమునకు పిలిపించుకొనిరి.

నేడు నీలగిరులలోని వెల్లింగ్టనులో మద్రాసు రెజిమెంటు శిక్షణ కేంద్రమున, దక్షిణ రాష్ట్రములనుండి వచ్చిన యువకులు శిక్షణ ముగించి, కసమ్ పరేడునాడు తమతమ మతగ్రంథముల సాక్షిగా ప్రమాణము చేయుదురు. ఆ రెజిమెంటు ధ్యేయవాక్యము గీత మూడవ అధ్యాయములోనిది.   ఒకనాడు కుంపిణీ ఉప్పుకు కట్టుబడిన ఆ ప్రమాణము నేడు భారత రాజ్యాంగమునకు చెందినది: నేలపై, నీటిపై, గగనమున ఎచటికి పంపినను పోవుదుననియు, ప్రాణాపాయమునందును ఆజ్ఞ పాలింతుననియు ఆ యువకుడు పలుకును.