కమ్మరి కొట్టిన గోల్ఫుకర్ర

గోల్ఫు పెరిగిన స్కాట్లండులో ఒకప్పుడు ఈకలు కూరిన తోలుబంతితో ఆడుచుండిరి. ఇనుము తగిలినచో ఆ ఖరీదైన బంతి చినిగిపోవును. కనుక కొయ్యకర్రలే ఎక్కువ. 1848 ప్రాంతమున గట్టాపెర్చా బంతి వచ్చిన పిమ్మట కమ్మరులకు చేతినిండ పని దొరికెను.

వారు కొలిమిలో కాచి సమ్మెటతో సాగగొట్టిన పలుచని తలకే తరువాత ‘బ్లేడు’ అని పేరు వచ్చినది. దాని బరువు చాలవరకు నడిమిభాగముననే ఉండును. గరిమనాభికి సూటిగా బంతి తగిలినచో చేతికి దెబ్బ తెలియనే తెలియదు. కొంచెము పక్కకు తగిలెనా, తల మెలితిరిగి, అదురు కర్రవెంట ప్రాకి వ్రేళ్ళు జివ్వుమనును. చలినాటి ఉదయమున ఆ బాధ ఆడినవారికే ఎరుక! ఆ జివ్వే తమకు గురువని చేయి తిరిగిన ఆటగాండ్రు చెప్పుదురు. అయితే ఈ గురువు ఆలస్యముగా వచ్చును. బంతి, కర్ర తాకియుండునది సెకనులో సుమారు రెండువేలవ వంతు మాత్రమే. వ్రేళ్ళకు తెలియునప్పటికి బంతి ఎగిరిపోయియుండును.

1959లో కార్‌స్టెన్ సోల్‌హైమ్ అను ఇంజనీరు, బంతిని గుంటలోనికి దొర్లించు పటర్ తలలో బరువును రెండు చివరలకు జరిపెను. మోకుపై నడచువాడు పొడుగాటి గడ పట్టుకొనుట వంటిదే ఇది. తల సులభముగా మెలితిరగదు. 1960 తరువాతి ఏండ్లలో ఇనుపకర్రలకును ఆ పద్ధతి వచ్చెను. చేతికి తెలియు ఈ తేడా సమ్మెట పనికిని అచ్చుపోతకును మధ్య తేడాయని వాదించువారు కలరు. చాలవరకు అది బరువు ఎచ్చట నున్నదన్నదాని వలన కలుగునదే. అయినను 2019లో టైగర్ వుడ్స్ మాస్టర్స్ పోటీని గెలిచినది పాత పోలికగల బ్లేడులతోనే.