చికాగో డోసెంట్ల ఎన్నికలు: జీతం లేని గైడ్లకు ప్రతినిధి ఎందుకు?

చికాగోకు చుట్టాలు వస్తే ముందు మిలీనియం పార్కులో ‘బీన్’ చూపిస్తాం. ఆ తర్వాత ఎక్కించేది ఆర్కిటెక్చర్ పడవే. గంటన్నర పాటు నది మీద తిప్పుతూ ఏ భవనం ఎవరు కట్టారు, ఎందుకు అలా కట్టారు అని గైడ్ కాగితం చూడకుండా చెప్పుకుపోతారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఆ ఇంగ్లీషు సగమే అందినా, 1,451 అడుగుల విల్లిస్ టవర్‌కు ఇంజనీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ అని వినగానే తలెత్తి చూస్తారు. చికాగో ఆర్కిటెక్చర్ సెంటర్ నడిపే టూర్లలో ఆ మైకు పట్టుకున్న మనిషికి జీతం లేదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అదే నది మీద తిరిగే వేరే కంపెనీల పడవల సంగతి వేరు.

ఈ వాలంటీర్ గైడ్లను డోసెంట్లు అంటారు. ‘బోధించడం’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిన పేరు ఇది. రిటైరైన టీచర్లు, లాయర్లు, ఇంజనీర్లు, పిల్లలు కాలేజీలకు వెళ్లిపోయాక తీరిక దొరికిన తల్లులు ఇందులో ఎక్కువగా కనిపిస్తారు. వందల మంది వాలంటీర్లు ఉన్నచోట పనివేళలు, పద్ధతులు, గొడవలు, అలకలు తప్పవు. అందుకే డోసెంట్లకు సొంతంగా ఒక కౌన్సిల్ ఉంటుంది, దానికి ఎన్నికలూ ఉంటాయి. రిటైరై పిల్లల దగ్గర స్థిరపడిన పెద్దవాళ్లు, వర్క్ పర్మిట్ లేక ఇంట్లో ఉన్న హెచ్-4 వీసాదారులు ఇలాంటి పనుల వైపు చూస్తున్న ఈ రోజుల్లో ఆ ఎన్నికలు ఎలా జరుగుతాయో, గెలిచినవాళ్ల చేతిలో నిజంగా ఏముంటుందో తెలుసుకోవడం మంచిది.

కూల్చివేతల కాలంలో పుట్టిన సంస్థ

1960లలో చికాగో తన పాత భవనాలను తానే కూల్చుకుంటోంది. లూయిస్ సలివన్, డాంక్‌మార్ ఆడ్లర్ కట్టిన గ్యారిక్ థియేటర్ 1961లో నేలమట్టమైంది. వాళ్లే కట్టిన స్టాక్ ఎక్స్‌చేంజ్ భవనం వంతు 1972లో వచ్చింది. శిథిలాల్లోంచి అలంకారపు ముక్కలను కాపాడుకుందామని లోపలికి వెళ్లిన ఫొటోగ్రాఫర్ రిచర్డ్ నికెల్ అక్కడే భవనం కూలి చనిపోయాడు. ఈ వరసలో పోబోతున్న గ్లెస్నర్ హౌస్‌ను కొని నిలబెట్టడానికి 1966లో కొందరు కలిసి పెట్టుకున్న సంస్థే తర్వాత చికాగో ఆర్కిటెక్చర్ ఫౌండేషన్ అయింది. 1971లో డోసెంట్ల శిక్షణ మొదలైంది. 2018లో పేరు ఆర్కిటెక్చర్ సెంటర్‌గా మారి, నది పక్కన ఈస్ట్ వాకర్ డ్రైవ్‌లోని కొత్త చోటికి చేరింది.

ఈ చరిత్ర తెలిస్తేనే డోసెంట్ల పట్టుదల అర్థమవుతుంది. భవనం గురించి జనానికి చెప్పకపోతే అది పోతుంది అన్న భయంతో మొదలైన పని ఇది. కాబట్టి ‘ఊరికే వచ్చి చెప్పిపోయేవాళ్లం’ అని వాళ్లు అనుకోరు. ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదాంట్లో తమకూ మాట ఉండాలంటారు. కౌన్సిల్ అవసరం వచ్చేది అక్కడే.

క్లాసులు, ప్రతినిధులు, బ్యాలెట్లు

ఒకే ఏడాది శిక్షణ పూర్తి చేసినవాళ్లను ఒక ‘క్లాస్’ అంటారు. మన ఊళ్లో ‘పదో తరగతి ఎనభైమూడు బ్యాచ్’ అన్నట్టే. కలిసి చదివి, కలిసి పరీక్షలకు వణికినవాళ్లు కాబట్టి ఏళ్లు గడిచినా ఆ బంధం ఉంటుంది. డోసెంట్ కౌన్సిళ్లు ఉన్న సంస్థల్లో సాధారణంగా రెండు రకాల పదవులు ఉంటాయి. ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్, సెక్రటరీ లాంటివి అందరూ కలిసి ఎన్నుకునేవి. క్లాస్ ప్రతినిధి పదవి ఆ బ్యాచ్ వాళ్లు తమలోంచి ఒకరిని పంపుకునేది. పెద్ద పదవులకు పేరుంటుంది కానీ, పనికొచ్చే మనిషి క్లాస్ ప్రతినిధే అని నా అభిప్రాయం. ముప్పై మందికి ఒక్కరుంటే ఫోన్ ఎత్తుతారు, నాలుగు వందల మందికి ఒక్కరుంటే ఈమెయిల్ పంపిస్తారు.

అభ్యర్థుల పేర్లను ఎక్కువ సంస్థల్లో ఒక నామినేటింగ్ కమిటీ సిద్ధం చేస్తుంది. కమిటీ పదవికి ఒక్క పేరు ఇచ్చి ఊరుకుంటే అది ఎన్నిక కాదు, ఆమోదముద్ర. అమెరికాలో చాలా సంఘాలు పాటించే రాబర్ట్స్ రూల్స్ ప్రకారం, కమిటీ జాబితా చదివిన తర్వాత కూడా సభ్యులు తమకు నచ్చిన పేరు ప్రతిపాదించవచ్చు. రహస్య బ్యాలెట్ అయితే జాబితాలో లేని పేరును రాసి వేయవచ్చు కూడా. మెజారిటీ అంటే పోలైన ఓట్లలో సగానికి పైగా. ఖాళీ బ్యాలెట్లు, తటస్థులు లెక్కలోకి రారు. ముగ్గురు పోటీపడి ఒకరికి అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా సగం దాటకపోతే ఆ నిబంధనల ప్రకారం మళ్లీ ఓటింగ్ జరగాలి. సంస్థ సొంత బైలాస్‌లో వేరేగా రాసుకుంటే తప్ప ఇదే పద్ధతి. అందుకే పోటీచేసే ముందు బైలాస్ అడిగి చదవండి. ఇవ్వడానికి తటపటాయిస్తే అదే మీ మొదటి ప్రచారాంశం.

ఓటు ఎవరికి అన్న ప్రశ్న పైకి చిన్నదిగా కనిపిస్తుంది, గొడవలన్నీ అక్కడే. ఏడాదికి ఇన్ని టూర్లు చేస్తేనే ‘యాక్టివ్’ అని నియమం ఉన్నచోట, మోకాలి ఆపరేషన్ అయి ఆరు నెలలు ఇంట్లో ఉన్న డోసెంట్‌కు ఓటుందా? ఇరవై ఏళ్లు చేసి ఇక నడవలేనని పక్కకు తప్పుకున్న పెద్దాయనకు? నిన్నగాక మొన్న శిక్షణలో చేరి ఇంకా ఒక్క టూర్ కూడా చేయని వాళ్లకు? వీటికి సరైన జవాబు ఒక్కటే అని ఉండదు. అయితే జవాబు ఎన్నికకు ముందే కాగితం మీద ఉండాలి, ఓట్ల లెక్కింపు మొదలయ్యాక కాదు.

మన తెలుగు సంఘాల ఎన్నికలు చూసిన కళ్లకు ఇదంతా చప్పగా అనిపించవచ్చు. ప్యానెళ్లు లేవు, గడువుకు ముందు రోజు కట్టలుకట్టలుగా వచ్చే సభ్యత్వ దరఖాస్తులు లేవు, హోటల్లో ప్రచార విందులు లేవు. ఇక్కడ ఓటరు కావాలంటే శిక్షణ పొంది ఎండలో, చలిలో నిలబడి టూర్ చేయాలి. డబ్బు కట్టి ఓటు కొనే దారి లేదు. మన సంఘాలు నేర్చుకోదగ్గది ఏదైనా ఉంటే అది ఇదే.

ప్రతినిధి బల్ల మీద పెట్టేవి

డోసెంట్ ప్రతినిధి దగ్గరికి వచ్చే విషయాలు చూడటానికి చిన్నవి. వేసవి వారాంతాల్లో ఒకే మనిషికి వెంటవెంటనే రెండు పడవలు వేస్తున్నారు. శీతాకాలం టూర్‌కు ఎంత చలి పడితే రద్దు చేస్తారో చెప్పడం లేదు. టూర్ వివరాలు మార్చారు, మాతో ఒక్క మాట అనలేదు. ఒక్కొక్కటీ చిన్నదే అయినా, ఇలాంటివి పోగుపడితేనే మంచి గైడ్లు చడీచప్పుడు లేకుండా మానేస్తారు. జీతం లేని మనిషి రాజీనామా లేఖ రాయడు, మరుసటి నెల షెడ్యూల్‌లో పేరు వేసుకోడు, అంతే.

మన వాళ్లకు దగ్గరగా వచ్చే అంశం మూల్యాంకనం. డోసెంట్ల టూర్లను తోటివాళ్లో సిబ్బందో విని మార్కులు వేసే పద్ధతి చాలాచోట్ల ఉంది. అందులో ‘మాట స్పష్టత’ అన్న గడి ఉంటే, స్పష్టత అంటే ఏమిటి? వెనక వరసలో కూర్చున్నవాళ్లకు వినిపించడమా, అమెరికన్ యాసలో మాట్లాడటమా? ముప్పై ఏళ్లు ఇంగ్లీషులో పాఠం చెప్పిన మన లెక్చరర్ ఆంటీకి ఆ గడిలో తక్కువ మార్కులు పడితే, ఆమె తరఫున ‘ఈ కొలమానం ఏమిటో రాసి చూపించండి’ అని అడగాల్సింది క్లాస్ ప్రతినిధి. ఓటు వేసే ముందు అభ్యర్థిని ఈ ప్రశ్న సూటిగా అడగవచ్చు. ‘చూద్దాం’ అన్నవారికీ, ‘ఆ ఫారం నాకు పంపండి, కౌన్సిల్‌లో పెడతా’ అన్నవారికీ తేడా వెంటనే తెలుస్తుంది.

ఏ పేటలకు టూర్లు ఉండాలి అన్నది మరొకటి. డౌన్‌టౌన్ ఆకాశహర్మ్యాలకు గైడ్ల కొరత ఉండదు. డెవాన్ అవెన్యూ లాంటి వలసదారుల వీధి గురించి చెప్పాలంటే ఆ వీధి తెలిసినవాళ్లు కావాలి, వాళ్ల మాట వినే కౌన్సిల్ కూడా కావాలి.

2021లో జరిగింది

ప్రతినిధికి ఎంత చేతనవుతుందో, ఏది చేతకాదో తెలియాలంటే ఆర్కిటెక్చర్ సెంటర్ నుంచి నడిచి వెళ్లే దూరంలోనే ఉన్న ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో జరిగింది చూడాలి. 1893లో వివేకానందుడు ప్రసంగించిన భవనమే అది. అక్కడ 1961 నుంచి వాలంటీర్ డోసెంట్ల కార్యక్రమం నడిచింది. వాళ్లకూ కౌన్సిల్ ఉండేది. 2021 సెప్టెంబరులో మ్యూజియం ఆ కార్యక్రమాన్ని ముగిస్తున్నామని ఈమెయిల్ పంపింది. అప్పటికి చురుగ్గా ఉన్న 82 మంది డోసెంట్లకు రెండేళ్ల ఉచిత సభ్యత్వం ఇస్తామంది. జీతం తీసుకునే అధ్యాపకులతో కొత్త పద్ధతి తెస్తామని చెప్పింది.

మ్యూజియం వాదనను కొట్టిపారేయలేం. జీతం లేకుండా వారానికి కొన్ని గంటలు ఇవ్వగలిగేది తీరికా డబ్బూ ఉన్నవాళ్లే, అందువల్ల గైడ్లంతా ఒకే రకం మనుషులయ్యారు అన్నది దాని సారాంశం. రెండు ఉద్యోగాలు చేస్తున్న వలస కుటుంబాలకు అది నిజమే అనిపిస్తుంది. కానీ ఏళ్ల తరబడి చదివి, పిల్లలకు బొమ్మలు చూపించినవాళ్లను ఒక్క ఈమెయిల్‌తో పంపేయడం చాలామందికి మింగుడుపడలేదు. డోసెంట్ కౌన్సిల్ లేఖ రాసింది, పత్రికలు రాశాయి, దేశమంతా చర్చ జరిగింది. నిర్ణయం మాత్రం మారలేదు.

ఎందుకు మారలేదన్నది పోటీచేసేవాళ్లూ ఓటేసేవాళ్లూ కూడా తెలుసుకోవాలి. లాభాపేక్ష లేని సంస్థల్లో తుది అధికారం ట్రస్టీల బోర్డుది. డోసెంట్లు ఆ బోర్డును ఎన్నుకోరు. వాళ్లు ఎన్నుకునే కౌన్సిల్ సలహా చెబుతుంది, సంస్థ వినవచ్చు, వినకపోవచ్చు. ఉద్యోగులైతే యూనియన్ పెట్టుకోవచ్చు. అదే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఉద్యోగులు 2022 జనవరిలో ఓటేసి యూనియన్ తెచ్చుకున్నారు కూడా. జీతం లేని వాలంటీర్లకు సాధారణంగా ఆ చట్టం వర్తించదు.

అలాగని కౌన్సిల్ దండగ అనలేం. అది లేకపోయి ఉంటే 82 మంది విడివిడిగా ఎవరి ఇంట్లో వాళ్లు బాధపడి ఊరుకునేవారు. వాళ్ల మాట ఒక్క గొంతుతో బయటికి వచ్చిందంటే దానికి కారణం ముందే ఎన్నికైన మనుషులు ఉండటం. ఇంకో సంగతి, కౌన్సిల్ బలం ఆపదలో కంటే మామూలు రోజుల్లోనే ఎక్కువ. ‘వాలంటీర్లకు సంబంధించి పెద్ద మార్పు చేసేముందు కౌన్సిల్‌తో ఇన్ని రోజుల ముందు మాట్లాడాలి’ అన్న ఒక్క వాక్యాన్ని ప్రశాంతంగా ఉన్న ఏడాదిలో రాతపూర్వకంగా తెచ్చుకోవచ్చు. గొడవ మొదలయ్యాక అడిగితే ఎవరూ ఇవ్వరు. నేనైతే ఆ వాక్యం కోసం పనిచేస్తానన్న అభ్యర్థికే ఓటేస్తాను.

గ్రీన్ కార్డు, వీసా ఉన్నవాళ్ల సందేహం

‘మేం సిటిజన్లం కాదు, ఓటు వేస్తే తర్వాత సమస్య అవుతుందా?’ అని మన వాళ్లు అడుగుతుంటారు. ఆ జాగ్రత్త మంచిదే. పౌరులు కానివారు ప్రెసిడెంట్, కాంగ్రెస్ ఎన్నికల్లో ఓటేయడం నేరం, దేశం నుంచి పంపేసే దాకా వెళ్లవచ్చు. పౌరసత్వ దరఖాస్తులో అడిగేది కూడా ఫెడరల్, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వ ఎన్నికల గురించే. డోసెంట్ కౌన్సిల్, గుడి కమిటీ, తెలుగు సంఘం ఎన్నికలు వాటి కిందకు రావు. ఇవి ప్రైవేటు సంస్థల అంతర్గత వ్యవహారాలు, బైలాస్ ఒప్పుకుంటే ఓటూ వేయవచ్చు, పోటీ కూడా చేయవచ్చు.

వాలంటీర్ పని విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. లాభాపేక్ష లేని సంస్థలో, ఎప్పుడూ జీతం లేకుండానే జరిగే పనిని, ప్రతిఫలం ఏమీ తీసుకోకుండా చేస్తే సాధారణంగా దాన్ని ఉద్యోగంగా చూడరు. టూర్ చివర చేతిలో పెట్టే టిప్పు, కౌన్సిల్ పదవికి ఇచ్చే గౌరవ భృతి లాంటివి ఉంటే లెక్క మారవచ్చు. మొహమాటపడకుండా మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడిగి, ఆ తర్వాతే శిక్షణ ఫారం మీద సంతకం పెట్టండి.

నేరుగా డోసెంట్ శిక్షణలో దిగడం బరువనిపిస్తే ఓపెన్ హౌస్ చికాగోలో మొదలుపెట్టవచ్చు. ఆర్కిటెక్చర్ సెంటరే 2011 నుంచి జరుపుతున్న వేడుక ఇది. మామూలుగా లోపలికి వెళ్లనివ్వని భవనాలను జనానికి ఉచితంగా తెరుస్తారు, ద్వారాల దగ్గర నిలబడేది వాలంటీర్లే. ఆ పని చేస్తే డోసెంట్లతో పరిచయం అవుతుంది, కౌన్సిల్ ఎలా నడుస్తోందో వాళ్ల నోటే వినవచ్చు. కిందటి ఎన్నికలో ఎంతమంది పోటీచేశారని వాళ్లను అడిగి చూడండి.