పెంచిన తల్లి పాలు

కన్నతల్లికే పాలు పడతాయనీ, పెంచిన తల్లికి ప్రేమ వుండవచ్చుగాని పాలెక్కడివనీ మనవాళ్లు తేలికగా అనేస్తారు. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనుక యశోదాకృష్ణుల ఘట్టం వచ్చినప్పుడల్లా యీ మాట నా తరగతిలోనూ వినబడుతుంది. యశోద అప్పుడే ఆడపిల్లను కన్నదని భాగవతమే చెబుతుంది గనుక కథలో చిక్కులేదు. చిక్కు జీవితంలో వుంది. కనని స్త్రీకి కూడా పాలు పడగలవని వైద్యశాస్త్రం నేడు అంగీకరిస్తోంది. అందుకు కావలసిన తీరిక ఏ వర్గపు స్త్రీకి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నది మాత్రం చరిత్ర చెప్పవలసిన విషయం.

సుశ్రుత సంహిత నిదానస్థానంలో స్తన్యాన్ని గురించి మెచ్చదగిన పరిశీలన ఒకటి వుంది. బిడ్డను తాకడం, చూడడం, తలచుకోవడం, ఎత్తుకోవడం వల్ల పాలు స్రవిస్తాయనీ, ఎడతెగని స్నేహమే దీనికి హేతువనీ ఆ గ్రంథం చెబుతుంది. మన రైతు యీ సంగతిని పుస్తకం చదవకుండానే ఎరుగును. దూడ చనిపోతే దాని తోలులో గడ్డి కూరి ఆవు ముందర నిలబెట్టి చేపించుకోవడం పల్లెల్లో పాత పద్ధతే.

ఇంత చక్కని పరిశీలన చేసిన ఆయుర్వేదమే దాదిని ఎంచవలసి వచ్చేసరికి వర్ణాన్ని ముందుకు తెచ్చింది. చరక సంహిత శారీరస్థానం ధాత్రికి చెప్పిన లక్షణాలలో సమానవర్ణం ఒకటి. పాలలో లేని వర్ణాన్ని పాలిచ్చే మనిషిలో వెతికారన్న మాట. ధాత్రి శబ్దమే మన దాది అయింది. రాజుల బిడ్డలకు దాదులు చన్నిచ్చారని కావ్యాలు వర్ణిస్తాయి. ఆ దాది సొంతబిడ్డ ఏ పాలు తాగి బతికిందో చెప్పవలసిన అగత్యం మన కవులకు సాధారణంగా కనబడలేదు.

ఇది మన దేశానికే పరిమితం కాదు. పారిస్ నగరంలో యేటా పుట్టే 21,000 మంది శిశువులలో కన్నతల్లి పాలు తాగేవారు వెయ్యికి మించరని 1780లో అక్కడి పోలీసు అధిపతి లెన్వార్ లెక్క చెప్పాడు. తక్కినవారిలో అత్యధికులు కూలికి పాలిచ్చే స్త్రీల వద్ద పెరిగారు. అమెరికాలో నల్లజాతి బానిస స్త్రీలకు ఆ కూలి కూడా లేదు. చనుబాలు సరుకైన చోటల్లా అమ్మినది పేదరాలు, కొన్నది కలవారి ఇల్లు.

శ్రామిక జనంలో మరొక పద్ధతి వుండేది. నేడు అనకాపల్లి జిల్లాలో చేరిన మా చీడికాడ వైపు, తల్లి పోయిన పసికందుకు ఇరుగుపొరుగు బాలెంత చన్నివ్వడం గురించి పెద్దవాళ్ల నోట విన్నాను. ఏడుపు మాన్పడానికి అమ్మమ్మ చన్ను నోటికిస్తే, ఇవ్వగా ఇవ్వగా పాలుపడిన సంగతీ విన్నాను. దీన్ని కట్టుకథగా కొట్టివేయనక్కరలేదు. అమ్మమ్మలకు పాలుపడడాన్ని అనేక జాతులలో మానవశాస్త్రజ్ఞులు నమోదు చేశారు. మెంతులు, వెల్లుల్లి, సొరపుట్టు, పిల్లిపీచర గడ్డ మొదలైనవి పాలు పెంచుతాయని మనవాళ్ల నమ్మకం. వాటి గుణం ఎంతైనా, అసలు పని చేసేది బిడ్డ నోరే.

ఎందుచేతనో విజ్ఞానం విప్పి చెప్పింది. 1928లో స్ట్రాస్‌బర్గ్‌లో స్ట్రికర్, గ్రూటర్ అనే పరిశోధకులు పిట్యూటరీ గ్రంథి రసంతో కుందేళ్లకు పాలు పట్టించారు. 1933లో రిడిల్ ఆ పదార్థానికి ప్రొలాక్టిన్ అని పేరు పెట్టాడు. పాలను చేపించే ఆక్సిటోసిన్‌ను డు విన్యో 1953లో కృత్రిమంగా తయారుచేసి 1955లో నోబెల్ బహుమతి పొందాడు. గర్భం చేసే పనిలో కొంత భాగాన్ని హార్మోను మాత్రలతో చేయించవచ్చు. బిడ్డ రావడానికి కొన్ని నెలల ముందు వైద్యుని పర్యవేక్షణలో వాటిని వాడి, పిమ్మట ఆపి, రెండు మూడు గంటలకొకసారి, రాత్రిళ్లు సైతం, పంపుతో చన్నులు పిండుతూ వుండాలి. ఖాళీ అయిన కొద్దీ వూరడం చనుబాల స్వభావం. బిడ్డ వచ్చాక పాలు చాలకపోతే, చన్నుకు అంటించిన సన్నని గొట్టం ద్వారా పైపాలు అందిస్తూ బిడ్డ చేత చప్పరింపజేస్తారు. అమెరికాలో ఔవర్‌బాక్, ఏవరీ అనేవారు 240 మంది పెంపుడు తల్లులను పరిశీలించి 1981లో ప్రకటించారు. పాల కొలత కంటె బిడ్డతో ఏర్పడే అనుబంధమే ఆ తల్లులకు ముఖ్యమని అందులో తేలింది. చాలామందికి పైపాలు తప్పలేదు.

మరి మన దత్తత చరిత్రలో యీ ప్రశ్న ఎందుకు రాలేదు? పాత ధర్మశాస్త్రపు దత్తత పిండానికీ, ఆస్తికీ వారసుణ్ణి తెచ్చుకునే ఏర్పాటు. కావలసినవాడు కొడుకు, దత్తు తీసుకొనేవాడు మగవాడు. వితంతువు తీసుకున్నా అది చనిపోయిన భర్త కొరకే. ఆ లెక్కలో పెంచే తల్లి చన్నుకు చోటెక్కడ? 1956 చట్టం కూతురిని దత్తు చేసుకునే వీలు కల్పించింది. అవివాహితకూ, వితంతువుకూ స్వంత హక్కు ఇచ్చింది. భర్త వున్న స్త్రీకి ఆ హక్కు రావడానికి 2010 దాకా ఆగవలసి వచ్చింది.

హక్కు వచ్చిందిగాని కాలం రాలేదు. 2017 ప్రసూతి సవరణ చట్టం కన్నతల్లికి 26 వారాల సెలవు ఇచ్చి, దత్తత తల్లికి 12 వారాలు ఇచ్చింది. అదీ బిడ్డ వయస్సు మూడు నెలలకు లోపైతేనే. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులు పునరాలోచించుకోవడానికి రెండు నెలల గడువుంది. ఆ గడువు న్యాయమైనదే. తరువాత కాగితాల పని సాగేసరికి మూడో నెల దాటకుండా వుంటుందా? ఒక చట్టం ఇచ్చినదాన్ని మరొక చట్టపు గడువు మింగివేసింది. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా అదే షరతును తిరగరాసింది. షరతు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇక చోడవరం వైపు చెరకు నరికే కూలితల్లికి, కన్నదైనా పెంచినదైనా, జీతంతో సెలవన్న మాటే లేదు. రెండు గంటలకొకసారి పాలు పిండుకోమని ఆమెకు ఏ ముఖంతో చెబుతాం?

అయినా చరిత్ర నిలిచిపోలేదు. 1989లో బొంబాయి సయన్ ఆసుపత్రిలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ దేశంలో మొదటి తల్లిపాల బ్యాంకును నెలకొల్పారు. 2017లో హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో ఒకటి వెలిసింది. నెలలు నిండక పుట్టినవారికి, జబ్బుపడిన శిశువులకు అక్కడి పాలు ప్రాణాధారం. అలాంటి బ్యాంకులలో దాత రక్తాన్ని పరీక్షిస్తారు, పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు వుంచి శుద్ధి చేస్తారు. వర్ణం అడగరు. నీలోఫర్ బ్యాంకుకు పెట్టిన పేరు ధాత్రి. చరకుని మాటే, చరకుడు పెట్టిన షరతు లేకుండా వచ్చింది.

పెంపుడు తల్లి పాల ప్రశ్నను మాతృత్వపు మహిమగా పాడుకొని వదిలిపెడితే లాభం లేదు. పాలివ్వలేకపోయిన పెంపుడు తల్లి తక్కువ తల్లి కాదు. ఇవ్వదలచిన తల్లికి వైద్యం, విశ్రాంతి, జీతంతో కూడిన సెలవు వుండాలి. బిడ్డ వయస్సుతోగాని, తల్లి చేసే పనితోగాని నిమిత్తం లేకుండా వుండాలి. ఉపాధ్యాయ సంఘాలూ, విద్యార్థి సంఘాలూ తమ కోర్కెల పత్రాలలో దీన్ని చేర్చడం మనం చేయగల మొదటి పని.