మైకులో వినిపించిన ఇంటర్నెట్

1990ల చివర్లో పుదుచ్చేరి పక్కన వీరాంపట్టినం అనే జాలర్ల ఊళ్లో ఒక చాటింపు వినిపించేది. సముద్రంలో అలలు ఎంత ఎత్తు లేస్తాయో, ఏ దిక్కు నుంచి వస్తాయో లౌడ్‌స్పీకర్లో చదివేవారు. వేటకు పోవాలా, పడవను ఒడ్డునే ఉంచాలా అన్నది జనం ఆ మాట విని తేల్చుకునేవారు. ఇంతవరకూ వింతేమీ లేదు. ఆ కబురు అమెరికా నౌకాదళం వెబ్‌సైటు నుంచి వచ్చేది! యుద్ధనౌకలు క్షేమంగా తిరగడానికి కాలిఫోర్నియాలోని మాంటెరీలో పెద్ద కంప్యూటర్లు వేసిన లెక్క, కట్టుమరం మీద వేటకు వెళ్లే మనిషి చెవిన పడేది. చేత్తో మీట నొక్కింది లేదు, తెర చూసింది లేదు. ఆ ఊరికి ఇంటర్నెట్ అంటే చెవికి సోకిన సంగతి.

ఆ లెక్క పుట్టుక కూడా చెప్పుకోదగ్గది. సముద్రం మీద గాలి ఎంతసేపు, ఎంత జోరుగా, ఎంత దూరం వీస్తే అల ఎంత ఎదుగుతుందో కంప్యూటరుకు నేర్పిన ‘వామ్’ అనే పద్ధతిని 1980లలో జర్మనీ శాస్త్రవేత్త క్లాస్ హసల్‌మన్, ఆయనతో కలిసి పనిచేసిన పలు దేశాల వాళ్లు తయారుచేశారు. వాతావరణ పరిశోధనకు హసల్‌మన్‌కు 2021లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇలాంటి అంచనాలో ‘అల ఎత్తు రెండు మీటర్లు’ అని ఉంటే ప్రతి అలా రెండు మీటర్లని కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతును తీసి వాటి సగటు కడతారు. కాబట్టి అంతకు మించిన అల కూడా మధ్యమధ్య లేస్తుంది. సముద్రం మీద పెరిగిన మనిషికి ఈ తేడా ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు, అంకె చేతికిస్తే చాలు. అంతకుముందు ఆ అంకే దొరికేది కాదు.

ఈ ఏర్పాటు వెనక ఉన్నది చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ. కెనడాకు చెందిన ఐడీఆర్‌సీ అనే సంస్థ డబ్బు సాయంతో 1998లో పని మొదలైంది. వి. బాలాజీ, సుబ్బయ్య అరుణాచలం వంటివారు దాన్ని నడిపారు. అప్పటికి మన దేశంలో ఇంటర్నెట్ సంగతి చూస్తే వాళ్ల సాహసం అర్థమవుతుంది. ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది, అదీ నాలుగు మహానగరాల్లో. బొమ్మలతో సహా చూడగల కనెక్షన్ కావాలంటే వ్యక్తులకు 250 గంటలకు 15,000 రూపాయలు. నెల్లూరు మనిషికైనా, పుదుచ్చేరి మనిషికైనా అందుబాటులో ఉన్న మహానగరం మద్రాసే.

వాళ్లు వేసిన దారి మాత్రం చవకైనది, తెలివైనది. విల్లియనూరు అనే చిన్న పట్టణంలో ఒక కేంద్రం పెట్టారు. ఫోన్ లైను మీద ఇంటర్నెట్ అక్కడిదాకా వచ్చేది. అక్కడి నుంచి ఊళ్లకు తీగ లేదు. పోలీసులు వాడే తరహా వీహెచ్ఎఫ్ రేడియో సెట్లను కంప్యూటర్లకు తగిలించి, మాటనూ అక్షరాన్నీ గాలిలోనే పంపేవారు. కరెంటు పోతే ఆగకుండా సౌర ఫలకాలు బిగించారు. విల్లియనూరులో సమాచారాన్ని తమిళంలోకి మార్చి, ఏ ఊరికి ఏది పనికొస్తుందో చూసి పంపేవారు. పొలాల ఊరికి ధాన్యం ధర వెళ్లేది, సముద్రపు ఊరికి అల ఎత్తు వెళ్లేది. బస్సుల వేళలు, ఆస్పత్రి కబుర్లు, ప్రభుత్వ పథకాలు, వాటికి ఎవరు అర్హులో చెప్పే వివరాలు, ఇవన్నీ ఊరివాళ్లే పోగుచేసి కంప్యూటర్లోకి ఎక్కించారు. ‘నమ్మ ఊరు సేది’ అని ఒక చిన్న తమిళ పత్రిక కూడా తెచ్చారు. ప్రపంచంలో ఎక్కడో ఉన్న సమాచారం కన్నా పక్క ఊరి సమాచారమే ఎక్కువసార్లు అక్కరకు వచ్చేదంటే ఆశ్చర్యం లేదు.

అన్నిటికన్నా గొప్పది యంత్రం కాదు, ఒప్పందం. కేంద్రం కావాలన్న ఊరు గది ఉచితంగా ఇవ్వాలి. నడిపే మనుషుల్ని ఊరే ఇవ్వాలి, వాళ్లకు జీతం ఉండదు. ఆ గదిలోకి ఏ కులం వారైనా, ఆడవాళ్లైనా అడ్డు లేకుండా రావాలి. ఎంబాలం అనే ఊళ్లో కేంద్రాన్ని గుడి ఆవరణలోనే పెట్టారు. గుడి తలుపు దగ్గర పాత కట్టుబాట్లు అలాగే ఉండేవి. పక్కనున్న కంప్యూటర్ గది తలుపు మాత్రం అందరికీ తెరిచే ఉండేది. దాన్ని నడిపింది ఆ ఊరి ఆడవాళ్లు. మీటలు కొట్టడం అక్కడే నేర్చుకుని, నలుగురి ముందు కూర్చుని సమాధానాలు చెప్పారు. 2001లో ఈ పథకానికి స్టాక్‌హోమ్ ఛాలెంజ్ అవార్డు వచ్చింది. ఒక్క ఆ తలుపుకే ఇవ్వదగిన బహుమతి అది.

వీరాంపట్టినానికి దూరదేశపు కబురు కొత్తేమీ కాదు. ఆ ఊరిని ఆనుకునే అరికమేడు దిబ్బలున్నాయి. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వించి, రోము సామ్రాజ్యంతో జరిగిన వ్యాపారపు ఆనవాళ్లు వెలికితీశాడు. ఇదే తీరాన ఉత్తరంగా మన నెల్లూరు దగ్గర 18వ శతాబ్దం చివర్లో పొలం దున్నుతున్న రైతు నాగలికి పాత గుడి ఇటుకలు తగిలి, వాటి కింద కుండ నిండా రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. అన్ని వేల మైళ్ల నుంచి నావలు ఇక్కడికి వచ్చాయంటే గాలి కబురు, అల కబురు ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి చెబుతూనే ఉండి ఉండాలి.

ఆ తర్వాతి శతాబ్దాలు దాటేసి రేవు జెండాకర్ర దగ్గరికి వద్దాం. ‘కృష్ణపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు’ అన్న వార్త చదవని నెల్లూరు జిల్లా మనిషి ఉండడు. పగలు కర్రకు శంకువులు, పీపాల్లాంటి గుర్తులు, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు కడతారు. ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు. పదో నంబరు అతి పెద్ద ప్రమాదం. మరి పదకొండు? తుపాను హెచ్చరిక కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని దానర్థం. కబురు ఆగిపోవడమే అన్నిటికీ మించిన కబురని ఆ వరస పేర్చినవాళ్లు గుర్తించారు.

మైపాడు, తూపిలిపాళెం, ఇస్కపల్లి తీరాల్లోని పట్టపుపాళేలకు, అంటే జాలర్ల పల్లెలకు, ఆ జెండా కనపడదు. 1984 నవంబరు తుపాను శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే వాతావరణ శాఖ ఇన్‌శాట్-1బి ఉపగ్రహం ద్వారా ఊళ్లకు నేరుగా హెచ్చరిక పంపే ఏర్పాటు మొదలుపెట్టింది. దాని తొలి పెట్టెలు దక్షిణాంధ్ర, ఉత్తర తమిళనాడు తీరాల్లోనే పెట్టారు. మద్రాసులో సంకేతం నొక్కితే ఆ జిల్లా పెట్టెలు మాత్రమే వాటంతట అవే తెరుచుకునేవి. ముందు సైరన్ మోగేది, తర్వాత ఆ ప్రాంతపు భాషలో మాట వినిపించేది. ఇంటర్నెట్ రాకముందే ఆకాశం నుంచి ఊరికి మాట దిగింది! కాకపోతే ఆ పెట్టెకు చెవి లేదు. ఊరు తిరిగి ఏదైనా అడగాలంటే దారి లేదు. విల్లియనూరు రేడియో తెచ్చిన మార్పు అదే. ఊరు కూడా అడగగలిగింది.

ఇలా అడిగే వీలు కోసం పాటుపడ్డవాళ్లు మరోచోటా ఉన్నారు. 1973లో అమెరికాలోని బర్క్‌లీలో ‘కమ్యూనిటీ మెమరీ’ అనే బృందం ఒక పాటల రికార్డుల కొట్లో, మెట్ల మీద, టెలిటైపు యంత్రం పెట్టింది. వచ్చిపోయేవాళ్లు అందులో తమకు కావలసింది రాయవచ్చు, ఇతరులు రాసింది చదవవచ్చు. బెదిరిపోకుండా పక్కనే ఒక మనిషిని కూర్చోబెట్టారు. 1986లో క్లీవ్‌లాండ్‌లో టామ్ గ్రండ్నర్ మొదలుపెట్టిన ‘ఫ్రీ-నెట్’ అయితే, జనం ఫోన్ లైను మీద ఆరోగ్య సందేహాలు అడిగితే డాక్టర్లు జవాబిచ్చే చిన్న ప్రయత్నం నుంచి పెరిగింది. మూడు చోట్లా ఒకటే పోలిక. కంప్యూటర్ ఒక్కటే, వాడేది పదిమంది, అడిగినవాళ్లకు సాయపడే మనుషులు కొందరు.

2004 డిసెంబరు 26 ఉదయం విల్లియనూరు ఏర్పాటు విలువ ఏమిటో పుదుచ్చేరి తీరంలోనే నల్లవాడు అనే ఊరు చూసింది. సింగపూర్‌లో పనిచేస్తున్న ఆ ఊరి కుర్రాడు సునామీ వార్త విని ఇంటికి ఫోన్ చేశాడు. ఊరివాళ్లు ఆ పథకం కింద తమ ఊళ్లో పెట్టిన విజ్ఞాన కేంద్రం తలుపు పగలగొట్టి లోపలి మైకు అందుకున్నారు. మూడున్నర వేల మందికి పైగా ఉన్న ఊరు కదిలింది. ఇళ్లు పోయాయి, పడవలు పోయాయి, మనుషులు మిగిలారు. అదే రోజు ఆంధ్ర తీరంలో నూరు మందికి పైగా పోయారు. మన ఊళ్లకు సింగపూర్‌లో బంధువులు లేరనా? ఒక ఫోన్ మాటను క్షణాల్లో ఊరంతటికీ చేర్చే మైకు, అది ఎక్కడుందో అందరికీ తెలిసిన గది లేవు.

తర్వాత ప్రభుత్వాలకు ఈ ఆలోచన నచ్చింది. 2006లో కేంద్రం లక్ష సేవా కేంద్రాలు తలపెట్టింది, 2011లో మన దగ్గర మీసేవ వచ్చింది. కుల ధ్రువపత్రం, కరెంటు బిల్లు తేలికయ్యాయి, కాదనలేం. కానీ అది కౌంటరు. రుసుము కట్టి కాగితం తీసుకుని వెళ్లిపోయే చోటు. ఊరు తన గదిని తనే ఇచ్చి, తన పిల్లల్ని కూర్చోబెట్టి, తనకు ఏ కబురు కావాలో తనే చెప్పుకున్న పద్ధతి అందులో ఇమడలేదు. ఇప్పుడు అల ఎత్తు, చేపల జాడ హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ లెక్కగట్టి ఇస్తోంది, ఎవరి ఫోన్‌కు వాళ్లకు వస్తోంది. అంచనా మెరుగైంది, నలుగురూ ఒకచోట విని, ‘ఈ పూట వద్దురా’ అని పెద్దవాళ్లు కుర్రాళ్లను ఆపే వీలు తగ్గింది. పోగొట్టుకున్నది చిన్నది కాదు.

పుదుచ్చేరి పథకాన్ని నడిపిన బాలాజీ ఆ తర్వాత పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థకు వచ్చారు. ఈసారి సముద్రం లేదు, నీళ్లే లేని నేల. మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకులలో ఆదర్శ మహిళా సమాఖ్య అనే పొదుపు సంఘాల ఆడవాళ్ల కూటమితో కలిసి, ఉపగ్రహ కనెక్షన్‌తో ఒక కేంద్రం నడిపారు. ఏ ఊరికి కరువు ముప్పు ఎంతో రంగులతో గీసిన మ్యాపులు అక్కడికి చేరేవి. చదువు రానివాళ్లు కూడా రంగు చూసి తమ ఊరి స్థితి పోల్చుకునేవారు, పంట గురించి, పశువుల మేత గురించి సంఘంలోనే మాట్లాడుకునేవారు.