మద్రాసు ఏళ్ళ మీద వంతెనలు

1639లో చంద్రగిరి రాయల సామంతుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన ఇసుకనేల మీద చెన్నపట్నం వెలిసింది. ఆ నేలకు ఓడలు నిలిచే రేవు లేదు. కూవం, అడయారు అనే రెండు ఏళ్ళు మాత్రం ఉన్నాయి. ఎండల్లో పలచబడే ఈ ఏళ్ళు ఈశాన్య ఋతుపవనం రాగానే పొంగి దారులు తెంపేవి. కంపెనీ కోట నుంచి పరంగిమల అని పిలిచే సెయింట్ థామస్ మౌంటుకు వెళ్ళే యాత్రికులు అడయారు ఒడ్డున పడిగాపులు పడాల్సిందే.

ఆ ఇక్కట్టు తీర్చింది కంపెనీ కాదు. పర్షియాలోని కొత్త జుల్ఫా నుంచి వచ్చి, మనీలా వర్తకంలో గడించిన ఆర్మీనియన్ కోజా పెట్రస్ ఉస్కాన్ 1726లో సైదాపేట దగ్గర వంతెన కట్టించాడు. అదే మర్మలాంగ్ వంతెన. ఖర్చు 30,000 వరహాలని చెబుతారు. అంతటితో ఊరుకోక, మరమ్మతుల కోసం 1,500 వరహాలు విడిగా కేటాయించాడు. కట్టించిన పుణ్యం కోరేవాళ్ళు ఏ కాలంలోనైనా ఉంటారు. కట్టింది పాడవుతుందని ముందే తలచి సొమ్ము తీసిపెట్టేవాళ్ళు అరుదు. కొండ మీది చర్చికి మెట్లు కట్టించిందీ ఆయనే. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నప్పుడు వారి పక్షం చేరనన్నందుకు ఆస్తి పోగొట్టుకున్నాడు. 1751లో కన్నుమూస్తే వేపేరిలో సమాధి చేశారు. గుండెను మాత్రం జుల్ఫాకు పంపారని ఒక కథ ఉంది. ఎంతవరకు నమ్మాలో చదువరులే తేల్చుకోవాలి.

తరువాతి వంతెనలు దొరల పేర్లతో వచ్చాయి. అడయారు మీద 1840ల ఆరంభంలో కట్టినదానికి గవర్నర్ ఎల్ఫిన్‌స్టన్ పేరు, కూవం కడలిలో కలిసేచోట 1869లో లేచిన ఇనుప వంతెనకు గవర్నర్ నేపియర్ పేరు పెట్టారు. ఈనాడు మెరీనాకు వెళ్ళేవారు చూసే విల్లువంపు కాంక్రీటు కమానులు 1943 నాటి విస్తరణలో వచ్చినవి. 2022 చదరంగం ఒలింపియాడ్‌కు వాటిని నలుపు తెలుపు గళ్ళతో నింపేశారు.

ఈ రెండు ఏళ్ళనూ కలిపింది మాత్రం కరవు. 1877-78లో పొట్ట చేతపట్టుకుని వచ్చిన జనానికి పని చూపడానికి కూవం, అడయారు నడుమ కాలువ తవ్వించి, అప్పటి గవర్నర్ బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. ఉత్తరాన ఈ కాలువ పెదగంజాం దాకా సాగి కృష్ణా డెల్టా కాలువలతో కలిసింది. దానివల్ల తెలుగు తీరం సరుకు పడవల మీద నేరుగా పట్నం చేరేది. ఇప్పుడు చెన్నైలో ఆ కాలువ గర్భంలోనే రైలు స్తంభాలు దిగి ఉన్నాయి.

వంతెనల్లాగే ఈ నగర దీపస్తంభాలూ ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి: 1796లో కోటలోని ఒక మేడ మీద, 1844లో విడిగా ఒక రాతి స్తంభం మీద, 1894లో హైకోర్టు గుమ్మటం మీద, 1977 నుంచి మెరీనాలో. దీపం మారినా పాత స్తంభాన్ని కూల్చలేదు. అది హైకోర్టు ఆవరణలో ఇప్పటికీ ఉంది.

వంతెనలన్నిటికీ ఆ అదృష్టం పట్టలేదు. ఎల్ఫిన్‌స్టన్ వంతెన స్థానంలో 1973లో తిరు వి.క. వంతెన వచ్చింది. అంతకుముందే, 1966లో, ఉస్కాన్ వంతెన స్థానంలో మరైమలై అడిగళ్ వంతెన కట్టారు. వర్తకుడి కట్టడం నుంచి మిగిలింది పారసీ, ఆర్మీనియన్, లాటిన్ భాషల్లో చెక్కిన ఒక్క శాసనఫలకం.